స్టాపు దాటిపోయిన డ్రైవరు

నలభై నాలుగేళ్ల మనిషి విమానం నడపడం నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు నవ్వనైనా నవ్వాలి, ఏడవనైనా ఏడవాలి. బావమరిది మెకానిక్ రెండూ చెయ్యలేదు. తింటున్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అన్నాడు తుడుచుకుంటూ. "నిచ్చెనెక్కితేనే నీకు కళ్లు తిరుగుతాయి కదా బావా."

"నిచ్చెనకి సీటు బెల్టు ఉండదురా," అన్నాడు బావ, తల ఎత్తకుండా తింటూనే.

"ముందు నువ్వు కూర్చుని తిను," అంది అక్క తమ్ముడితో. "ఆయన ఎక్కడికెగిరితే నీకెందుకు? కింద పడితే ఏరుకునేది నేను."

బావ సిటీ బస్సు డ్రైవరు. మెకానిక్‌ది అదే డిపో. బావ నడిపే బండిని ఏళ్ల తరబడి విప్పిందీ బిగించిందీ అతనే. భార్య పోయాక తన ఇల్లు ఖాళీ చేసి అక్క ఇంట్లో కింద గదిలోకి వచ్చిపడ్డాడు. అప్పట్నుంచీ కొత్తగా మొదలయ్యేది ఏదీ అతనికి గిట్టదు. వీధిలో ఎవరైనా గోడలకి రంగు వేయిస్తే "ఎన్నాళ్లు నిలుస్తుందిలే" అంటాడు. పక్కింట్లో బిడ్డ పుడితే చూడబోయి, నిద్రపోతున్న పసిగుడ్డుని కాసేపు చూసి, "వీడికీ తప్పవు తిప్పలు" అని తిరిగొచ్చాడు. అక్క మళ్లీ అతన్ని ఎవరింటికీ పంపలేదు.

బావకి డిపోలో ఒక పేరుంది. 'ఆగే బండి' అంటారు. ఉన్న ప్రతి స్టాపులోనూ ఆగుతాడు. మనిషి లేకపోయినా ఆగుతాడు. ఎవరూ లేరు కదయ్యా, పోనీ అని కండక్టరు గంట కొడితే, "పరిగెత్తుకొస్తూ ఉంటారు" అంటాడు. నిజంగానే ఎవరో ఒకరు సందులోంచి చెప్పులు చేత్తో పట్టుకుని వస్తుండేవాళ్లు. ఎక్కాల్సినవాణ్ణి వదిలెయ్యడం, దిగాల్సినవాణ్ణి దాటించెయ్యడం అతని చేతికి తెలియదు. వేళకి చేరడం, చెప్పిన చోట దింపడం. అదే అతని మతం.

ఆ బస్సు చివరి స్టాపు ఊరి బయట, విమానం నడపడం నేర్పే ఫ్లయింగ్ క్లబ్బు కంచె పక్కన. అక్కడ బండి వెనక్కి తిప్పుకుని కాసేపు ఆగాలి. మిగతా డ్రైవర్లు ఆ కాస్త సేపూ కునుకు తీసేవాళ్లు. బావ కంచె పట్టుకుని నిలబడి చిన్న విమానాలు లేవడం, దిగడం చూసేవాడు. ఒకరోజు కంచె దాటి లోపలికెళ్లి, దీనికి ఏం చదవాలి అని అడిగాడు. అంతే. కల వచ్చిందనీ, చిన్నప్పటి కోరికనీ అతను ఎవరికీ చెప్పలేదు. "ఒకే రోడ్డురా ఎప్పుడూ. గుంతలు కూడా నన్ను చూసి నమస్కారం పెడుతున్నాయి," అన్నాడు బావమరిదితో.

బడిలో వదిలేసిన లెక్కలూ భౌతికశాస్త్రమూ మళ్లీ చదివి, పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాడు. డాక్టర్లు గుండె చూశారు, కళ్లు చూశారు, పనికొస్తావన్నారు. క్లబ్బులో చేరడానికి ఇంటి వెనక సగం అమ్మారు. అమ్ముదామన్నది బావ కాదు, అక్క. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి, మాటని కూడా మడతపెట్టే చెబుతుంది. "వెనక సగంలో పాత సామానే కదా ఉంటున్నది. సామానుకి ఇల్లెందుకు?" అంది. ఆ మాటని మెకానిక్ ఇప్పటికీ క్షమించలేదు. అందులో సగం సామాను అతనిదే.

డిపో మేనేజరు మంచివాడో, బద్ధకస్తుడో, బావకి దీర్ఘ సెలవు ఇచ్చాడు. బావ బండిని వేరేవాడికిచ్చారు. వాడు క్లచ్ మీద కాలు పెట్టుకునే పుట్టినవాడు. మెకానిక్ ప్రతి వారం ఆ క్లచ్ విప్పేవాడు, విప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చి బావని తిట్టేవాడు.

నేర్పేది పాతికేళ్ల అమ్మాయి. ఆమె బావని 'అంకుల్' అనేది, బావ ఆమెని 'మేడమ్' అనేవాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. మొదటి రోజు విమానాన్ని నేల మీద నడపమంటే బావ రెండు చేతులతో స్టీరింగ్ తిప్పాడు. విమానం నేల మీద ఉన్నంతసేపూ కాళ్లతో తిప్పాలి. చేతుల్లో ఉన్నది ఎంత తిప్పినా దానికి పట్టదు. అది తన మానాన తాను పోయి గడ్డిలో కూర్చుంది.

"మలుపు ఎటు అంకుల్?"

"కుడికే తిప్పాను మేడమ్. దీనికి మాట వినడం రాదేమో."

"మీరు చేతులతో చెప్పారు. దానికి కాళ్ల భాషే తెలుసు."

ఆ సంగతి బావే ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి తనే ముందు నవ్వాడు. మెకానిక్‌కి అది కొత్త. తప్పు చేసిన మగవాణ్ణి, ముందు తనే చెప్పి నవ్వేవాణ్ణి అతను అంతకుముందు చూసి ఎరగడు.

తరవాత వంటింట్లో ఒక వేషం మొదలైంది. బావ కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగా గట్టు మీద గిన్నెల మూతలు వరసగా నిలబెట్టుకునేవాడు. ఒకటి ఎత్తు చూపేది, ఒకటి వేగం, ఒకటి ఆయిలు. అక్క కాగితం పట్టుకుని ఇంగ్లీషు ముక్కల్ని కూడబలుక్కుంటూ చదివేది. ఆమె చదివిన ఒక్కోదాన్ని బావ పైకి అని, చూసి, వేలితో తాకేవాడు. తాకనిదే తరవాతిది చదవనిచ్చేవాడు కాదు. విమానం నడిపేవాళ్ల పద్ధతి అది. గుర్తుందని వదలకూడదట.

"అక్కా, ఆ ఆయిలు మూత ఇటివ్వు. పాలు పొంగుతున్నాయి," అనేవాడు మెకానిక్ గుమ్మంలో నిలబడి.

"గాల్లో ఉన్నాం. దిగాక ఇస్తా," అనేది అక్క.

పాలు పొంగి పోయేవి. బావ మాత్రం వరస తప్పేవాడు కాదు. డ్యూటీ ఎక్కేముందు టైరుని ఓ తన్ను తన్ని బయల్దేరే డ్రైవర్ల మధ్య బతికిన మెకానిక్, ఈ మనిషి ప్రతి సాయంత్రం అవే మూతల్ని మొదటిసారి చూస్తున్నట్టు తాకుతుంటే, ఎగతాళి చెయ్యడానికి కొత్త మాట దొరక్క మెల్లగా తన గదిలోకి పోయేవాడు.

చివరి పరీక్ష వచ్చింది. అది గట్టెక్కితేనే జీతానికి విమానం నడిపే లైసెన్సు. పరీక్ష పెట్టేది బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు, పక్క సీట్లో కూర్చుని చూస్తాడు. బావ అన్నీ బాగా చేశాడు. ఆఖరున దిగేటప్పుడు మరీ ఎత్తులో వచ్చాడు. వేగం కూడా ఎక్కువే. అలా వస్తే దిగకూడదు, మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి రావాలి. బావ లేవలేదు. ముక్కు కిందికి తోసి ఎలాగో దింపేశాడు. రన్‌వే దాదాపు అయిపోయాక విమానం ఆగింది. ఎగ్జామినరు ఫెయిల్ చేశాడు.

ఇంటికొచ్చి బావ చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"పోయింది," అన్నాడు.

"గాలి ఎక్కువుందా?" అంది అక్క.

"లేదు."

"విమానం పాతదేమో," అన్నాడు మెకానిక్. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

"విమానం బంగారం. తప్పు నాదే. రన్‌వే కనబడగానే స్టాపొచ్చిందనిపించింది. దాటిపోతే వెనక జనం అరుస్తారనిపించింది. వెనక సీట్లో పురుగు కూడా లేదురా. అయినా అనిపించింది."

మెకానిక్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో, గుద్దినవాడైనా గోతిలో పడినవాడైనా, నేరం బ్రేకుల మీదికి నెట్టని డ్రైవరు అతనికి తగల్లేదు. బ్రేకులు అతని శాఖ. అంటే ప్రతివాడూ నెట్టింది అతని మీదికే. ఈ ఒక్కడూ, ఇంటి సగం పోగొట్టుకుని కూర్చుని, తప్పు నాదే అంటున్నాడు. రెండు ముక్కల్లో అంటున్నాడు.

ఇంకోసారి పరీక్షకి రానిస్తారు. అదీ పోతే మళ్లీ మొదటికొస్తుంది. అంతకి వాళ్ల దగ్గర అమ్మడానికి తాము కాపురముంటున్న ముందు సగం తప్ప ఇంకేమీ లేదు. డిపో మేనేజరు కూడా మెకానిక్‌ని పిలిచి, "నెలాఖరుకి మీ బావ వచ్చి సీట్లో కూర్చోవాలి, లేదా సీటు వదులుకోవాలి. ఇంక నా చేతుల్లో లేదు," అన్నాడు. మెకానిక్ వచ్చి అక్కకి చెప్పాడు. అక్క బావకి చెప్పింది. బావ సరేనన్నాడు, మర్నాడు పొద్దున్నే క్లబ్బుకి పోయాడు.

నేర్పే అమ్మాయి ఇక అతనికి దిగడం నేర్పలేదు. దిగకుండా ఉండటం నేర్పింది. నేల అందబోతుండగా, అంతా సవ్యంగా ఉండగా, "వద్దు" అనేది. అనగానే ఇంజనుకి పూర్తి జోరు ఇచ్చి పైకి లేవాలి. మొదట్లో బావ చెయ్యి లేచేది కాదు. ఎదురుగా నేల ఉంటే చెయ్యి నేలకే పోయేది.

"మీకు ఎగరడం వచ్చింది అంకుల్. మానుకోవడం రావట్లేదు," అంది ఆ అమ్మాయి.

"అది మా వంశంలోనే లేదు మేడమ్," అన్నాడు బావ. "ఇంకోసారి అనండి."

ఇంకోసారి, ఇంకోసారి. నలభై నాలుగేళ్లొచ్చాక కొత్తది నేర్చుకోవడం ఒక ఎత్తు. పొట్ట నింపిన పాత విద్యని, నలుగురూ మెచ్చుకున్నదాన్ని, చేతుల్లోంచి గోటితో గీకి తీసెయ్యడం ఒక ఎత్తు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే అతని కుడిచెయ్యి ముద్ద దగ్గర ఆగి ఆగి కదిలేది. అక్క చూసి కూడా చూడనట్టు ఉండేది.

రెండో పరీక్ష రోజు మెకానిక్ డిపో జీపు తీసుకుని బయల్దేరాడు.

"నువ్వెందుకు?" అంది అక్క.

"నువ్వొక్కదానివే ఏడుస్తూ ఎలా వస్తావని."

"నేనేడవను."

"అయితే నవ్వుతూ వద్దువుగాని, ఎక్కు."

క్లబ్బు దగ్గర రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు అరుగు. ఎగ్జామినరు అదే మనిషి. బట్టతల, ఇస్త్రీ చొక్కా. షెడ్డు పక్కన కారు ఆపి దిగుతూనే, "తొందరగా ముగిద్దాం. చీకటి పడకముందే నేను ఇంట్లో ఉండాలి. మా ఆవిడకి మాటిచ్చాను," అన్నాడు. బావ తలూపాడు. విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కోటీ పైకి అని, చూసి, తాకాడు. ఎగ్జామినరు గడియారం చూసుకున్నా వరస తప్పలేదు. ఇద్దరూ ఎక్కి ఎగిరిపోయారు.

అప్పటికి ఆకు కదలడం లేదు. గాలి తరవాత లేచింది. ముందు రేకులు చిటపటమన్నాయి. కర్రకి కట్టిన గాలి సంచి, అంతవరకూ తడిబట్టలా వేలాడుతున్నది, ఉబ్బి బిగుసుకుని రన్‌వేకి అడ్డంగా నిలబడింది. నేర్పే అమ్మాయి లోపల్నుంచి చిన్న రేడియో పట్టుకొచ్చి అరుగు మీద పెట్టింది.

"అడ్డగాలి," అంది. "విమానాన్ని పక్కకి నెట్టేస్తుంది."

"దిగొచ్చా?" అన్నాడు మెకానిక్.

"ఇప్పుడైతే దిగొచ్చు. ఇంకా పెరిగితే దిగకూడదు. ఆ గీత ఎక్కడో ఆయనే చూసుకోవాలి."

విమానం కనబడింది. ఎండ్రకాయలా పక్కవాటుగా వస్తోంది. రన్‌వే మీదికి వచ్చింది. ఒక రెక్క దించింది. చక్రం నేలకి జానెడు ఎత్తులో ఉందనగా గాలి ఒక్క విసురు విసిరింది. ఇంజను గట్టిగా అరిచింది. విమానం పైకి లేచి వెళ్లిపోయింది.

"ఏమైంది?" అక్క.

"ఏం కాలేదమ్మా. మానుకున్నారు," అంది ఆ అమ్మాయి.

రెండోసారి వచ్చాడు. ఈసారి మరింత నిదానంగా, మరింత కిందికి. మెకానిక్ తను కంచె దాకా ఎప్పుడు నడిచాడో ఎరగడు. తీగ పట్టుకుని అరుస్తున్నాడు. "దిగు బావా! దిగు! అయిపోయింది, ఇంకాస్తే! దిగవేంట్రా నాయనా!" బస్సులో వెనక నిలబడి పిడికిలితో రేకు బాదే జనం ఎలా అరుస్తారో అలాగే అరుస్తున్నాడు. నెలాఖరు, డిపో, ముందు సగం, అన్నీ అతని గొంతులో ఉన్నాయి.

విమానం మళ్లీ లేచిపోయింది.

అప్పుడు రేడియోలోంచి బావ గొంతు వచ్చింది. ఇంగ్లీషు. మెకానిక్‌కి మాటలు అందలేదు, గొంతు అందింది. బస్సులో తరవాతి స్టాపు చెప్పే గొంతే, తొందర లేదు, బెదురు లేదు. నేర్పే అమ్మాయి రేడియోకి చెవి దగ్గరపెట్టి విన్నది.

"ఇక్కడ దిగరట. కొండకి అవతలున్న ఎయిర్‌స్ట్రిప్‌కి పోతున్నారు. అక్కడి రన్‌వే గాలికి ఎదురుగా ఉంటుంది," అంది.

"అంటే పోయినట్టేగా?"

"తెలీదు బాబాయ్. పక్కన కూర్చున్నాయన చేతిలో ఉంది."

మెకానిక్ షెడ్డు పక్కనున్న ఎగ్జామినరు కారుని చూశాడు. చీకటి పడకముందే ఇంట్లో ఉండాలన్న మనిషి, కొండకి అవతల. తన జన్మలో ఒక్క ప్రయాణికుణ్ణీ ఒక్క స్టాపు దాటించని డ్రైవరు, దాటించక దాటించక, తన తలరాత రాసేవాణ్ణి దాటించాడు.

"జీపు తియ్యి," అంది అక్క.

ఆ అమ్మాయి వెనక ఎక్కింది, ముగ్గురూ కొండ రోడ్డు పట్టారు. జీపుని గాలి చెంపల మీద కొడుతోంది.

"నేను అరిచింది వినబడి ఉంటుందా?" అన్నాడు మెకానిక్.

"ఇంజను మోతలోనా?" అంది వెనక నుంచి ఆ అమ్మాయి. "వినబడదు. వినబడినా దిగేవారు కాదు."

"నాకైతే వినబడింది," అంది అక్క. "సిగ్గేసింది."

"నువ్వు అరవలేదా?"

"అరిచాను. లోపల అరిచాను. అది లెక్కలోకి రాదు."

ఎయిర్‌స్ట్రిప్ అంటే ఒక తారుబాట, ఒక గది, నాలుగు ఇనుప కొక్కేలు. బావ విమానం రెక్కల్ని తాళ్లతో ఆ కొక్కేలకి కట్టేస్తున్నాడు. ఎగ్జామినరు చెక్కపెట్టె మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. "అవును... కాదు... నేను చెప్పేది విను... నా తప్పు కాదు..." అంటున్నాడు. అవతలావిడ వినే రకంలా లేదు. చివరికి ఫోను జేబులో పెట్టుకుని అక్కని చూశాడు.

"మీ ఆయన నన్ను ఊరు కాని ఊళ్లో దింపాడమ్మా."

"కాళ్ల మీద నడిచేట్టే దింపాడు కదండీ," అంది అక్క.

ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు.

"రెండోసారి లేచాక నేనే అన్నాను, ఇంకోసారి వస్తే దిగొచ్చేమో అని. పరీక్షకన్నానో, ఇంటికెళ్లాలని అన్నానో, ఇప్పుడు నన్నడిగినా చెప్పలేను. ఏమన్నాడో తెలుసా? 'దిగొచ్చేమో అంటే నేను దిగను సార్. దిగొచ్చు అంటే దిగుతాను' అన్నాడు. ఆ తరవాత నన్ను అడగలేదు. పైగా ఇక్కడికి చేరేదాకా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు."

"కోపంతో కాదు సార్," అన్నాడు బావ తాడు బిగిస్తూ. "పని ఉండి."

"అదే చెబుతున్నాను. నేనూ అప్పుడప్పుడూ పని ఉండి మాట్లాడను, మా ఆవిడ నమ్మదు." ఎగ్జామినరు నేర్పే అమ్మాయి వైపు తిరిగాడు. "గట్టెక్కాడు. రేడియోలో మాట రెండుసార్లు ఆలస్యం చేశాడు, అది సరిచెయ్యండి. ఇలా నిర్ణయం తీసుకోవడం నేర్పారా, ఆయనకే వచ్చా?"

"నేర్పించుకున్నారు సార్," అంది ఆ అమ్మాయి.

అక్క ఏడవలేదు. కొంగుతో బావ మెడ మీది దుమ్ము తుడిచింది, అంతే. ఆ తుడవడం మాత్రం అవసరమైనదానికంటే ఎక్కువసేపు సాగింది. మెకానిక్ తిరిగిపోయి జీపు టైర్లు చూశాడు. టైర్లకి ఏమీ కాలేదు. నాలుగూ చూశాడు.

తిరుగు ప్రయాణంలో ఎగ్జామినరు ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అక్కకీ ఆ అమ్మాయికీ మధ్య బావ ఇరుక్కుని కూర్చుని, బండి కదిలిందో లేదో నిద్రపోయాడు.

"మీరూ డిపోలోనే అట కదా. డ్రైవరుగా ఎలాంటివాడు?" అన్నాడు ఎగ్జామినరు.

మెకానిక్ అద్దంలోకి చూశాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆ మొహాన్ని తిట్టడానికి అతని దగ్గర ఎప్పుడూ మాటలకి కొదవ లేదు. ఇప్పుడు వెతికితే ఒక్కటీ చేతికి రాలేదు.

"నేను బావమరిదిని సార్. నా సాక్ష్యం చెల్లదు," అన్నాడు. మళ్లీ తనే, "మా డిపోకొచ్చి ఎవర్నైనా అడగండి. క్లచ్‌ని అడిగినా చెబుతుంది," అన్నాడు.

కొండ దిగుతుంటే ఎదర నుంచి దుమ్ము లేచింది. గోడలా వచ్చి మీద పడింది. రోడ్డు పోయింది, అంచు పోయింది, బానెట్ కూడా సగమే కనబడుతోంది. ఈ రోడ్డు మెకానిక్‌కి కొట్టిన పిండి. చెడిపోయిన బస్సుల్ని అర్ధరాత్రి వానలో ఈ మలుపుల మీదుగా లాక్కొచ్చినవాడు. జీపుని పక్కకి తీసి ఆపాడు.

"ఎందుకాపారు?" అన్నాడు ఎగ్జామినరు. జేబులో ఫోను మళ్లీ మోగుతోంది.

"కనబడట్లేదు సార్."

"మెల్లగా పోతే పోవచ్చేమో?"

"పోవచ్చేమో," అన్నాడు మెకానిక్. అని ఇంజను ఆపేశాడు.